తుపాకిపై దుర్భిణి – దాని పీఠము

దుర్భిణి యనగానే మన దృష్టి దాని గాజు మీదికే పోవును. కటకము లెంత పెద్దవి, దూరవస్తువును ఎన్ని రెట్లు పెంచి చూపును అని అడుగుదుము. ఆ గాజును మోయు పీఠమును గూర్చి అడుగువారు తక్కువ. ఖగోళశాస్త్రజ్ఞుల తీరు వేరు. 1901లో నవాబు జఫర్ జంగు హైదరాబాదునకు తెప్పించిన 15 అంగుళముల దుర్భిణి డబ్లిన్ నగరమందలి గ్రబ్ గారి కర్మాగారమున తయారైనది. తరువాత బేగంపేటలోని నిజామియా వేధశాలలో నెలకొన్న ఆ యంత్రమువంటి వానిలో గాజు బరువు స్వల్పము. ఆ గాజును కదలకుండ పట్టి, నక్షత్రముతోపాటు మెల్లగా త్రిప్పెడి ఇనుప పీఠము బరువే అధికము. ఆకాశమును చూచు దుర్భిణికి బరువు గుణము. ఎంత బరువైన అంత స్థిరము.

అదే దుర్భిణిని చిన్నది చేసి, మనుష్యుడు భుజమున మోయు రైఫిలుపై బిగింపవలసి వచ్చినప్పుడు కథ తలక్రిందులగును. అచ్చట పీఠము స్థిరముగా ఉండవలెను, తేలికగాను ఉండవలెను. ఈ రెండు కోరికలకు నడుమ జరిగిన పెనుగులాటయే రైఫిలు దుర్భిణి చరిత్రలో ముఖ్యభాగమని మా అభిప్రాయము. గాజును గూర్చిన చరిత్రలు పెక్కు కలవు. నేడు మేము పీఠమును గూర్చియే ముచ్చటింతుము.

ఆంగ్లమున దీనిని మౌంటు అందురు. సామాన్యముగా దీనికి రెండు భాగములు: తుపాకి ఒడలిపై మరలతో బిగించెడి పట్టిక యొకటి, దుర్భిణి గొట్టమును చుట్టి పట్టుకొను వలయములు రెండు. చూచుటకు ఇంతే. కాని చిన్న లెక్క వేసినచో దీని బాధ్యత యెంతటిదో తెలియును. రెండు వలయములకు నడుమ దూరము పది సెంటీమీటర్లనుకొందము. వానిలో ఒకటి మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు, అనగా సుమారు తలవెండ్రుక మందములో సగము, ప్రక్కకు జరిగినదనుకొందము. నూరు మీటర్ల దూరమున గురి మూడు సెంటీమీటర్లు తప్పును. మూడువందల మీటర్లకు తొమ్మిది. కంటికి కనబడని వదులు ఒక ప్రాణిని చంపుటకు బదులు కుంటిదానిని చేసి అడవిలోనికి పంపును. యుద్ధములో నైనచో గురి పెట్టినవాని ప్రాణమునకే ముప్పు తెచ్చును. ఏలయన తప్పిన మొదటి తూటా అతడున్న చోటును శత్రువునకు చెప్పివేయును.

19వ శతాబ్ది నడుమ అమెరికాలో లక్ష్యభేదనపు పోటీలు ముమ్మరముగా జరుగుచుండెను. న్యూయార్కు రాష్ట్రమునందలి తుపాకి పనివారు గొట్టము పొడవునకు సమానమైన పొడవుగల సన్నని దుర్భిణులను చేసి రైఫిళ్లపై అమర్చిరి. సిరక్యూస్ నగరవాసియైన విలియం మాల్కం 1855లో ఈ వృత్తి నారంభించి పేరుగాంచెను. ఆ పోటీ తుపాకులు పదిహేను పౌనులు మొదలు ముప్పది పౌనుల వరకు తూగెడివి. బల్లపై ఆన్చి కాల్చువారికి బరువుతో పేచీ లేదు. కావున పీఠము తేలికగా ఉండవలెనన్న ఆలోచనయే వారికి కలుగలేదు.

ఆ ఆలోచన కలిగినవారిలో ఒకడు మన దేశమున ఉద్యోగించినవాడు. డేవిడ్‌సన్ అను స్కాట్లండు సేనాని కంపెనీ వారి బొంబాయి సైన్యములో పనిచేసి, వేటలో రైఫిలుపై దుర్భిణిని వాడి చూచెను. స్వదేశమునకు మరలిన పిదప అతడు పొట్టిగొట్టపు దుర్భిణి నొకదానిని రూపొందించి, దానిని తుపాకి పైభాగమున గాక ఎడమ ప్రక్కను అమర్చు పద్ధతిని ప్రచారము చేసెను. విట్‌వర్త్ గారి షట్కోణ రంధ్రపు రైఫిళ్లలో కొన్నింటికి ఈ దుర్భిణి అమరెను. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రముల గురికాండ్రు వీనిని వాడిరి. గొట్టము పొట్టిదగుటచే బరువు తగ్గెను. కాని కన్ను గాజునకు మిక్కిలి దగ్గరగా ఉంచవలసి వచ్చెను. తుపాకి వెనుకకు తన్నినప్పుడెల్ల దుర్భిణి కంటిచుట్టును తాకెడిది. దుర్భిణి రైఫిలువాడెవడో అతని నల్లబడిన కన్నే చెప్పుచుండెనని ఆనాటివారు వేళాకోళము చేసెడివారు.

తరువాతి ఏబది సంవత్సరములలో ఈ విద్య జర్మనీ, ఆస్ట్రియా దేశముల వేటగాండ్ర యిండ్లలో పెరిగినది. సూల్ వంటి తుపాకి పనివారి పట్టణములలో పీఠమును కొక్కెములతో చేయు పద్ధతి పుట్టెను. దుర్భిణి అడుగున ముందు వెనుకల గోళ్లవంటి కొక్కెములు. తుపాకిపై వానికి తగిన గాడులు. ముందు కొక్కెములను గాడిలో దించి, వెనుకభాగమును క్రిందికి నొక్కినచో టక్కున పట్టుకొనును. మీట లాగినచో ఊడివచ్చును. ఒక్కొక్క కొక్కెమును పనివాడు ఆకురాతితో అరగదీసి, మసి పూసి, తాకెడి చోటు చూచి, మరల అరగదీసి కుదుర్చవలెను. ఇది కంసాలి పనివంటిది. ఒక తుపాకి పీఠము మరియొక తుపాకికి పట్టదు. బాగుగా కుదిరినచో తేలికయు, గట్టిదియు నగును. కాని వేలకొలది తుపాకులకు త్వరితముగా చేయదగిన పని కాదు.

ఈ భేదము 1914లో బయటపడినది. మొదటి ప్రపంచయుద్ధారంభమున జర్మనులు దేశములోని వేట రైఫిళ్లను దుర్భిణులతోసహా సేకరించి కందకములకు పంపిరి. ఇంగ్లండులో అట్టి వేట సంప్రదాయము లేదు. దుర్భిణి గాజునకు సహితము ఆ దేశము అధికముగా విదేశములపైననే ఆధారపడియుండెను. ఆ తొలి శీతకాలమున ఫ్రాన్సు కందకములలో నిలిచినవారిలో మన లాహోరు, మీరట్ డివిజనుల భారతీయ సైనికులు కూడ కలరు. తల యెత్తినచో ఎచటినుండియో తూటా వచ్చెడిది. బదులు చెప్పుటకు సాధనము లేదు.

అప్పుడు బ్రిటిషువారు తమ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డు రైఫిలునకు దుర్భిణి బిగింప బూనిరి. అచ్చట ఒక చిక్కు ఎదురయ్యెను. ఆ రైఫిలులో తూటాలను ఐదేసి చొప్పున ఒక పట్టీలో గ్రుచ్చి, పైనుండి ఒక్క నొక్కుతో లోనికి దించెదరు. దుర్భిణిని నడినెత్తిన పెట్టినచో ఆ దారి మూసికొనిపోవును. అందుచే అధికారులు దానిని ఎడమవైపునకు జరిపి పెట్టించిరి. కాగితముపై ఇది మంచి పరిష్కారమే. వేగముగా తూటాలు నింపుకొనవచ్చును గదా! కాని దాగియుండి ఒక్క తూటా కాల్చుటకు గంటలకొలది వేచియుండువానికి ఐదు తూటాల వేగముతో పనియేమి?

ప్రక్క పీఠము వలన కలిగిన నష్టములను హెస్కెత్-ప్రిచర్డు అను సేనాని 1920లో ప్రచురించిన గ్రంథమున వివరించెను. ఇతడు యుద్ధమునకు పూర్వము వేటగాడు, క్రికెటు ఆటగాడు. 1916లో ఫ్రాన్సునందు గురికాండ్రకు పాఠశాల నడపినవాడు. కందకములలో కాల్చునది ఉక్కురేకునందలి సన్నని రంధ్రము గుండ. గొట్టము రంధ్రములో దూరును; ప్రక్కనున్న దుర్భిణికి మాత్రము రేకో, ఇసుకబస్తాయో అడ్డుపడును. రంధ్రమును పెద్దది చేసినచో శత్రువు చూచును. ఇది యొకటి. రెండవది, దుర్భిణి నడిమికి లేనందున చెంప తుపాకి కొయ్యను ఆనుకొనదు. తల గాలిలో నిలువవలెను. మూడవది లెక్కకు సంబంధించినది. దుర్భిణి గొట్టమునకు ఐదు సెంటీమీటర్లు ఎడమగా ఉన్నదనుకొందము. నూరు మీటర్లకు గురి కుదిర్చినచో చూపుదారియు తూటాదారియు అచ్చట మాత్రమే కలియును. రెండువందల మీటర్లకు తూటా ఐదు సెంటీమీటర్లు ఎడమకు పోవును. ఒక సౌకర్యమును కాపాడబోయి మూడు అసౌకర్యములు తెచ్చుకొనిరి. కార్యాలయమున కూర్చుండి నిర్ణయించినవారు వేరు, రంధ్రముగుండ చూచినవారు వేరు.

అట్లాంటిక్ కావలి ఒడ్డున జరిగినది ఇంకను విచిత్రము. ఓహయో రాష్ట్రము క్లీవ్‌లాండ్ నగరమందలి వార్నర్ అండ్ స్వాసీ సంస్థ వేధశాలల పీఠములకు లోకప్రసిద్ధము. కాలిఫోర్నియాలోని లిక్ వేధశాల 36 అంగుళముల దుర్భిణికి, తరువాత యెర్క్‌స్ వేధశాల 40 అంగుళముల దుర్భిణికి పీఠములు చేసినది వారే. అమెరికా సైన్యమునకు 1908, 1913 నమూనాల రైఫిలు దుర్భిణులను వారే చేసి యిచ్చిరి. కెనడా సైన్యము కూడ రాస్ రైఫిలుపై 1913 నమూనాను వాడెను. ఆకాశపు దుర్భిణులను వెండ్రుకవాసి తప్పక నిలిపిన ఆ చేతులు ఇచ్చట తడబడెను. పట్టకములతో కూడిన ఆ యంత్రము కిలోగ్రాము దాపు తూగెడిది. అది ఎడమప్రక్క పట్టాలవంటి గాడిలో దూర్చబడి వ్రేలాడెడిది. ప్రతి ప్రేలుడునకు గాడి కొంచెము కొంచెము వదులగుచుండెను. కంటికి ఆన్చుకొను రబ్బరు గిన్నె ప్రేలుడు తరువాత కనుగుంటను పట్టుకొని పీల్చుచుండెను. సైనికులు క్షౌరపు బ్లేడుల ముక్కలను గాడిలో ఇరికించి, ఉప్పునీరు పోసి, తుప్పుపట్టించి బిగియజేసికొన్నారట! తుప్పు ఉపకారము చేసిన సందర్భము చరిత్రలో అరుదు.

ఈ బరువునుండి తప్పించుకొనుటకు 1915 ప్రాంతమున ఇంగ్లండులో కొందరు పీఠమునే తీసివేయ జూచిరి. గెలీలియో దుర్భిణి సూత్రమున ముందుగురి వద్ద ఒక కటకమును, కంటివద్ద చిన్న కటకమును పెట్టిరి. నడుమ గొట్టము లేదు. గొట్టము లేనిచో దానిని పట్టుకొను వలయములును లేవు. లాటీ, నీల్, మార్టిన్ అను పేర్లతో ఇట్టివి సైన్యమునకు చేరెను. బరువు కొన్ని ఔన్సులు మాత్రమే. ఇంతకంటె తేలికయైన ఏర్పాటు ఊహింప శక్యము కాదు. అయినను అవి నిలువలేదు. చూపు మిక్కిలి ఇరుకు. వాన పడినచో బయటనున్న కటకము మసకబారును. ముందుకటకము తగిలి ఒరిగినచో గురి పోయినట్లే. ఒక్క తేలికదనమునే లక్ష్యముగా పెట్టుకొన్న ప్రయత్నములలో మాకు తెలిసి ఇదియే మొదటిది.

యుద్ధము ముగిసిన పిదప సమస్య మరల వేటగాండ్ర చేతికి వచ్చెను. అమెరికాలో డెన్వరు వాసియైన జాన్ రెడ్‌ఫీల్డు రూపొందించిన పీఠము చూడ ముచ్చటైనది. తుపాకి నెత్తిన ఒకే పట్టిక. ముందు వలయపు కాలును పట్టికలోని గాడిలో అడ్డముగా దించి, తొంబది డిగ్రీలు త్రిప్పినచో బిగిసిపోవును. వెనుక వలయమును ఇరుప్రక్కల రెండు మరలు నొక్కి పట్టును. వానితోనే గురిని కుడియెడమలకు దిద్దుకొనవచ్చును. కొక్కెములకు చేసినట్లు చేతితో అరగదీయ నక్కరలేదు.

1930లో విలియం వీవర్ అను యువకుడు కెంటకీలో చవక దుర్భిణులు చేయ మొదలిడెను. 1933లో టెక్సాసునందలి ఎల్ పాసోకు మకాము మార్చెను. అతని దుర్భిణి గొట్టము ముప్పాతిక అంగుళము మాత్రమే లావు; పీఠముతో కలిపి వెల 19 డాలర్లు. ధనవంతుల వస్తువు రైతుల చేతికి వచ్చినది. తరువాత వీవర్ సంస్థ చేసిన పట్టికలు అల్యూమినియపువి. వానిపై అడ్డముగా చిన్న గాడి. వలయపు అడ్డుమర ఆ గాడిలో కూర్చుండును. తుపాకి తన్నినప్పుడు దుర్భిణి ముందుకు జారకుండ ఆపునది ఆ గాడియే. ఈ చిన్న గాడి కథ మరల వచ్చును.

రెండవ ప్రపంచయుద్ధమున ఒక్కొక్క దేశము ఒక్కొక్క విధముగా ఎన్నుకొనెను. అమెరికా సైన్యము వీవర్ దుర్భిణిని, రెడ్‌ఫీల్డు పీఠమును అంగడిలో దొరకినట్లే తీసికొని స్ప్రింగ్‌ఫీల్డు రైఫిలుపై బిగించెను. 1943, 1944 సంవత్సరములలో రెమింగ్టన్ సంస్థ అట్టి 28,000 రైఫిళ్లకు పైగా తయారుచేసెను. తేలికయే, కాని మామూలు ఇనుపగురి తీసివేసిరి, దుర్భిణి చెడినచో గుడ్డితుపాకియే. గరాండ్ రైఫిలు విషయమున మాత్రము వారికిని పాత చిక్కే వచ్చిపడెను. దానిలో తూటాలపట్టీ పైనుండి దిగవలెను గనుక 1944లో దుర్భిణిని ఎడమకు జరిపిరి. చెంప ఆనుటకు కొయ్యకు తోలుమెత్త కట్టిరి. 1915 నాటి చిక్కు మరల వచ్చినను ఈ మారు చెంపను మరువలేదు.

బ్రిటిషువారు తమ అనుభవము నుండి గట్టి పాఠము నేర్చిరి. 1942 నుండి లండను నగరపు హాలండ్ అండ్ హాలండ్ సంస్థవారు నాలుగవ నంబరు లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లను ఇరువది వేలకు మించి మార్చి యిచ్చిరి. రైఫిలు ఎడమగోడపై రెండు మెట్టలు. వానికి బరువైన ఇనుప చట్రము. రెండు పెద్ద మరలు చేతితో త్రిప్పి బిగింపవచ్చును. చట్రము వంగి దుర్భిణిని నడినెత్తికి తెచ్చును. పట్టీతో తూటాలు నింపు సౌకర్యమును విడిచిపెట్టిరి. ఒక్కొక్క దుర్భిణిని ఒక్కొక్క రైఫిలునకు జతచేసి, దుర్భిణి సంఖ్యను రైఫిలు కొయ్యపై చెక్కిరి. బరువును లెక్కింపలేదు. ఊడదీసి మరల బిగించినను గురి తప్పకుండుటయే వారికి కావలసినది. ఈ నమూనా మన సైన్యమునను చాలకాలము నిలిచినది.

సోవియట్ వారి దారి మాకు అన్నింటికంటె బోధప్రదముగా తోచినది. వారి పాత దుర్భిణి 600 గ్రాముల దాపు తూగెడిది. 1940లో తోకరేవ్ స్వయంచాలక రైఫిలు కొరకు పీయూ అను పొట్టి దుర్భిణిని చేసిరి. బరువు 270 గ్రాములు, పొడవు 17 సెంటీమీటర్లు. 1942లో దానినే పాత మోసిన్ రైఫిలునకు కొచెతోవ్ పేరిటి ప్రక్కపీఠముతో బిగించిరి. పీఠమును తేలిక చేయుటకై పీఠమును చెక్కలేదు; పీఠము మోయవలసిన బరువును సగమునకు తగ్గించిరి. దోషము లేకపోలేదు. దుర్భిణి ఎత్తుగా నిలిచినందున కాల్చువాడు తల యెత్తవలసి వచ్చెడిది. 1939-40 శీతకాలపు యుద్ధమున వారిని ఎదిరించిన ఫిన్లండు గురికాడు సిమో హైహా దుర్భిణిని వాడక ఇనుపగురినే నమ్ముకొన్నవాడు. తల యెత్తవలసి వచ్చుటయు, గాజుపై మంచు పేరుటయు అందుకు కారణములు.

లోహముల సంగతి కొంచెము చెప్పవలెను. 1906లో ఆల్ఫ్రెడ్ విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అల్యూమినియములో కొద్దిగా రాగి మున్నగునవి కలిపి కాచి చల్లార్చి కొన్నాళ్లుంచినచో గట్టిపడునని కనుగొనెను. 1936లో జపానువారు తుత్తునాగము కలిపి ఇంకను గట్టి మిశ్రమము చేసి జీరో విమానములో వాడిరి. అట్టిదే 1943లో అమెరికాలో వెలువడినది. నేటి మంచి తేలికపీఠములలో పెక్కింటికి లోహము ఆ వంశమునదే. ఉక్కు ఘనసెంటీమీటరునకు 7.8 గ్రాములు, టైటానియము 4.5, ఈ మిశ్రమము 2.8. ఉక్కు పట్టిక, వలయములు కలిసి 150 మొదలు 250 గ్రాములు తూగును. పట్టికయు వలయమును ఏకఖండముగా చేసిన అల్యూమినియపు జత సామాన్యముగా 100 గ్రాముల లోపు.

ఇచ్చట తూకము కంటె ముఖ్యమైనది కీళ్ల లెక్క. పట్టిక వేరు, వలయము వేరు ఐనచో తుపాకికి పట్టికకు నడుమ ఒక కీలు, పట్టికకు వలయమునకు నడుమ ఇంకొకటి. ఏకఖండమైనచో ఒకటి మాయమగును. వదులగుటకు చోటు తగ్గును. బరువు తగ్గుటయు స్థిరత్వము పెరుగుటయు ఒకేసారి జరుగు సందర్భము ఇదొక్కటే. 1915 నాటి కటకములు భాగములు తగ్గించినను ఆధారమును గూడ తగ్గించుకొన్నవి. ఇచ్చట ఆధారము తగ్గలేదు.

వీవర్ గాడి కథ మిగిలియున్నది. 1995 ఫిబ్రవరి 3వ తేదీన అమెరికా సైన్యము పికటిని ఆయుధశాల పేర ఒక ప్రమాణము నేర్పరచెను. వీవర్ పట్టికనే పొడిగించి, అడ్డగాడులను సమానదూరమున, అనగా సుమారు పది మిల్లీమీటర్లకొకటి చొప్పున, చెక్కినట్టిది. ఆ ప్రమాణపు సంఖ్య 1913. అది సంవత్సరము కాదు, వార్నర్ అండ్ స్వాసీ నమూనాతో కలియుట కేవలము కాకతాళీయము. రాత్రిచూపు యంత్రములు మున్నగు పలు పరికరములను మార్చిమార్చి బిగించు సైనికునకు పొడవైన ఈ పట్టిక అక్కరకు వచ్చును. ఒకే దుర్భిణితో కొండ లెక్కు వేటగానికి ఆ గాడులలో అధికభాగము వట్టి మోత.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది. ఒలింపిక్ రైఫిలు పోటీలలో దుర్భిణికి అనుమతి లేదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్యపతకము గెలిచినది దుర్భిణి లేని గాలిరైఫిలుతోనే. అందుచే పీఠమును ఎన్నుకొను ప్రశ్న నేడు ముఖ్యముగా వేట చట్టసమ్మతమైన ఇతర దేశములవారిది. వారిలో తేలిక రైఫిలు కోరువారు మొదట పీఠమును తూచుట చూచుచున్నాము. మేమైనచో మొదట దుర్భిణిని తూచుదుము. నాలుగు కిలోగ్రాముల వేట రైఫిలు ప్రేలినప్పుడు సెకనులో వెయ్యవ వంతుకాలమున సుమారు మూడు మీటర్ల వేగమును పొంది వెనుకకు పోవును. 400 గ్రాముల దుర్భిణిని తనతో లాగుకొనిపోవుటకు పీఠము నూరు కిలోల బరువునకు మించిన లాగుడును భరింపవలెను. రైఫిలు ఇంకను తేలికయైనచో ఆ లాగుడు ఇంకను హెచ్చును. కావున 700 గ్రాముల గాజును తెచ్చి 60 గ్రాముల పీఠముపై పెట్టుట వార్నర్ అండ్ స్వాసీ కష్టమును మరల కొనితెచ్చుకొనుటయే.

దుర్భిణి తేలికయైన పిదప వలయముల ఎత్తు చూడవలెను. ముందుగాజు గొట్టమును తాకనంతవరకు ఎంత క్రిందికి ఉన్న అంత మేలు. గొట్టపు లావు 25.4 మిల్లీమీటర్లదో 30దో సరిచూచుకొనవలెను. వలయపు మరలను అతిగా బిగించినచో అల్యూమినియపు గొట్టము నొక్కుకొని లోపలి కటకముల కదలిక చెడును. ఇక చివరకు ఆ లాగుడంతయు చేరునది పట్టికను తుపాకికి పట్టియుంచు నాలుగు చిన్న మరలకే. అమెరికా రైఫిళ్లలో చిరకాలముగా వాడుకలో నున్న మర 0.138 అంగుళము లావు, అంగుళమునకు 48 చుట్లు. బరువు దుర్భిణులు, పెద్ద తూటాలు వచ్చిన పిదప పెక్కు తుపాకి పనివారు ఆ రంధ్రములను పెంచి 0.164 అంగుళము లావు, 40 చుట్లుగల మరలు వేయుచున్నారు. ఆ నాలుగు మరల పెరిగిన బరువు రెండు మూడు గ్రాములకు మించదు.